మజిలీలో మేత

గోల్కొండ నుంచి పురానాపూల్ వైపు వచ్చే దారిలో కార్వాన్ అనే బస్తీ ఉంది. వర్తకుల బిడారులు దిగిన చోటు కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది. షేక్‌పేటలో కుతుబ్‌షాహీల కాలపు సరాయి నేటికీ ఉంది: మనుషులకు గదులు, గుర్రాలకూ ఒంటెలకూ శాలలు. హయత్‌నగర్‌లో హయాత్ బక్షీ బేగం మసీదు చుట్టూ బాటసారుల గదులు, దగ్గర్లోనే హాథీ బావి. మనిషి పడుకునే చోటే పశువుకూ మేత, నీళ్ళు దొరకాలి. రెండూ కుదిరిన చోటే మజిలీ. మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీ మజిలీ కథలు’లో కూడా కథ సాగేది నడకలో కాదు, మజిలీ చేరాకే. పెట్రోలు వచ్చి ఈ లెక్కను చెరిపేసింది. బంకులో ఐదు నిమిషాలు ఆగితే బండికి ఇక అలుపు లేదు. ఇప్పుడు విద్యుత్ కారు ఆ పాత లెక్కను మళ్ళీ మన ముందు పెట్టింది. దాన్ని పెట్రోలు కారులాగే పరుగెత్తించాలనుకునేవారికి ఇది ఇబ్బందే. కానీ ఊరు దాటి వెళ్ళి, రాత్రి గుడారంలో పడుకుని, మర్నాడో ఆ మర్నాడో తిరిగొచ్చే కుటుంబానికి ఇంతకంటే అనువైన బండి లేదని నా వాదన. ఆ ప్రయాణానికి అడ్డం పడుతున్నది దారి కాదు. దారికి రెండు కొసల్లో కారు నిద్రపోయే చోట్లు.

పాతబస్తీకి ఆరుబయట మకాం కొత్త కాదు. కొత్తూరు దగ్గరి జహంగీర్ పీర్ దర్గాకు దేగిసాలు, బియ్యం, మేకపోతుతో సహా బయలుదేరి, చెట్ల కింద పొయ్యి పెట్టి కందూరు చేసుకునే కుటుంబాలు ఎన్నో. కార్తీకంలో వనభోజనాలకు వెళ్ళే ఇళ్ళూ అంతే. క్యాంపింగ్ అని ఇప్పుడు అంటున్నది ఆ వనభోజనాన్ని ఒక రాత్రికి పొడిగించడమే. ఈ రాత్రి దగ్గరే విద్యుత్ కారు గుణం బయటపడుతుంది. ఏసీకో గీజర్‌కో వాడే మామూలు 15 ఆంపియర్ల ప్లగ్గు గంటకు సుమారు 3 యూనిట్లు ఇస్తుంది. మామూలు కారు ఆ 3 యూనిట్లతో దాదాపు 20 కిలోమీటర్లు నడుస్తుంది. దారి మధ్యలో గంట ఆగి 20 కిలోమీటర్ల కరెంటు నింపుకోవడం ఓపికకు పరీక్ష. కానీ డేరా వేసిన కారు సాయంత్రం ఐదింటికి ఆగితే మర్నాడు ఎనిమిదింటి దాకా కదలదు. ఆ పదిహేను గంటల్లో అదే నిదానపు ప్లగ్గు చాలా కార్ల బ్యాటరీని దాదాపు ఖాళీ నుంచి పూర్తిగా నింపేయగలదు. ఒకే రోజులో మూడు ఊళ్ళు చుట్టే ప్రయాణంలో ఈ సౌకర్యం ఉండదు.

దగ్గరి ఉదాహరణతో లెక్క చూద్దాం. పాతబస్తీ పక్కనుంచి పారే మూసీ పుట్టేది వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల్లో. చార్మినార్ నుంచి లంగర్‌హౌస్, మొయినాబాద్, చేవెళ్ళ మర్రిచెట్ల నీడలో అక్కడికి సుమారు 80 కిలోమీటర్లు. కొండమీద అనంతపద్మనాభస్వామి గుడి, పర్యాటక శాఖ హరిత వసతి, చుట్టుపక్కల గుడారాలు అద్దెకిచ్చే ప్రైవేటు క్యాంపులు ఉన్నాయి. కాస్త అవతల కోట్‌పల్లి జలాశయంలో పడవలు నడపవచ్చు. 45 యూనిట్ల బ్యాటరీ ఉన్న నెక్సాన్ ఈవీకి కంపెనీ చెప్పే అంకె 489 కిలోమీటర్లు. అది పరీక్షశాల అంకె. నలుగురు మనుషులు, సామాను, ఏసీతో నడిపితే వంద కిలోమీటర్లకు 15 యూనిట్లు వేసుకోవడం క్షేమం, అంటే 300 కిలోమీటర్లు. అనంతగిరికి రానూపోనూ 24 యూనిట్లు, కోట్‌పల్లి దాకా తిరగడానికి మరో 6. ఇంకా 15 మిగిలాయి. టియాగో వంటి చిన్న కారు పెద్ద బ్యాటరీ 24 యూనిట్లే. అది వెళ్ళిరావడానికి సరిపోతుంది గానీ పెద్దగా ఏమీ మిగలదు. పెద్ద బ్యాటరీ కొనలేని కుటుంబానికే క్యాంపులోని ప్లగ్గు ఎక్కువ అవసరమన్నమాట. ఈ సంగతి చర్చల్లో తరచుగా మరుగున పడుతోంది.

మిగిలిన ఆ 15 యూనిట్లు గుడారంలో ఏం చేస్తాయో చూడండి. 2023లో వచ్చిన నెక్సాన్ ఈవీ లాంటి కొన్ని కార్లు తమ బ్యాటరీలోంచి బయటి సామానుకు కరెంటు ఇవ్వగలవు. కొనేముందు ఈ సదుపాయం ఉందో లేదో అడిగి తెలుసుకోవాలి, అన్ని మోడళ్ళకూ ఉండదు. 50 వాట్ల ఫ్యాను రాత్రంతా తిరిగితే అర యూనిట్. కుక్కర్‌లో అన్నానికి మరో అర యూనిట్. ఇండక్షన్ పొయ్యి మీద రెండు పూటల వంటకు రెండు, రెండున్నర. మొత్తం నాలుగు యూనిట్లు దాటదు. పెద్దవాళ్ళో పసిపిల్లలో ఉండి కారులోనే ఏసీ వేసుకుని పడుకున్నా రాత్రికి ఆరు యూనిట్ల దాకా పోతుంది, అంతే. పెట్రోలు కారు ఇంజిను నడుస్తుండగా అలా పడుకోవడం ప్రాణాంతకం, ఎందుకంటే పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు. విద్యుత్ కారుకు పొగగొట్టమే లేదు. జనరేటర్ రొదా ఉండదు, దాంతో చీకట్లో పక్షి కూత వినబడుతుంది. అడవి అంచున మంట వేయకూడని చోట్ల ఇండక్షన్ పొయ్యి చట్టాన్నీ చెట్లనూ కాపాడుతుంది. ఆరో నిజాం వేటకు వెళ్ళినప్పుడు ఇనుప చువ్వలు మరిచిపోతే గ్రానైట్ రాయిని కాల్చి దానిమీద మాంసం వండారనీ, పత్తర్ కా గోష్త్ అలా పుట్టిందనీ హైదరాబాద్‌లో చెప్పుకుంటారు. ఆ రుచి మాత్రం ఇండక్షన్‌కు రాదు. దానికి బొగ్గులు, అనుమతి ఉన్న చోటు కావాలి.

ఇంతవరకూ వింటే పాతబస్తీ మనిషి అడిగే ప్రశ్న ఒక్కటే: ఇవన్నీ సరే, మా గల్లీలో కారు ఎక్కడ పెట్టాలి, వైరు ఎక్కడినుంచి లాగాలి? విద్యుత్ కారు మీద వచ్చే అభ్యంతరాల్లో బరువైనది ఇదే. దీన్ని దాటవేసే వ్యాసాలు జూబ్లీహిల్స్ బంగళాలకు పనికొస్తాయి గానీ మొఘల్‌పురా, యాకుత్‌పురా, హుస్సేనీఆలం గల్లీలకు పనికిరావు. ఆటో మాత్రమే పట్టే సందులో ఇల్లు, నాలుగు సందుల అవతల కారు. ఇల్లు అద్దెది, మీటరు యజమాని పేరున. మంజూరైన లోడు ఒకటో రెండో కిలోవాట్లు. కారు ప్లగ్గు ఒక్కటే మూడు కిలోవాట్లకు పైగా లాగుతుంది. లోడు పెంచమని విద్యుత్ పంపిణీ సంస్థకు దరఖాస్తు పెట్టుకుని, విడిగా ఎంసీబీ, సరైన ఎర్తింగ్‌తో లైను వేయించుకోకుండా ఎక్స్‌టెన్షన్ బోర్డుతో గల్లీకి అడ్డంగా వైరు లాగడం పక్కింటి పిల్లల ప్రాణాలతో చెలగాటం. ఇది తప్పదా అంటే, తప్పించే దారి ఉంది. చార్జింగ్ అనేది కరెంటు అమ్మకం కాదు, ఒక సేవ, దానికి లైసెన్సు అక్కర్లేదని కేంద్ర విద్యుత్ శాఖ 2018లోనే తేల్చింది. చాంద్రాయణగుట్ట, బండ్లగూడ రోడ్ల మీద షాదీఖానాలకు పెద్దపెద్ద పార్కింగ్ స్థలాలు ఉన్నాయి. అక్కడ సందడంతా రాత్రికే, పగలు చాలావరకు ఖాళీ. అలాంటి చోట పది మామూలు ప్లగ్గులు, పది మీటర్లు పెడితే, చుట్టుపక్కల గల్లీల కార్లకు పగలే మేత దొరుకుతుంది. ఇందుకు లక్షల రూపాయల ఫాస్ట్ చార్జర్ అక్కర్లేదు. 2018 నాటి ప్రభుత్వ మార్గదర్శకాలు హైవేల మీద ప్రతి 25 కిలోమీటర్లకూ స్టేషన్ అన్నాయి, నగరంలో మూడు కిలోమీటర్ల చదరానికి ఒకటి అన్నాయి. ఆ అంకెల్లో కారు ఆగి నిద్రపోయే చోటు ప్రస్తావన కన్నా కారు పరుగెత్తే చోటు ప్రస్తావనే ఎక్కువ. ప్రాధాన్యం అక్కడే తలకిందులైందని నాకనిపిస్తుంది.

మంటల భయాన్ని కూడా కొట్టిపారేయకూడదు. 2022 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో, కింద విద్యుత్ స్కూటర్ల షోరూమ్, పైన హోటల్ ఉన్న భవనంలో అగ్నిప్రమాదం 8 మందిని బలి తీసుకుంది. ఆ ఏడాది స్కూటర్లు వరసగా కాలిపోయాకే కేంద్రం బ్యాటరీ భద్రత నిబంధనలను కఠినం చేసింది. మన దగ్గర అమ్ముడయ్యే చాలా కార్లలో వాడే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం వేడిని మిగతా రకాల కన్నా బాగా తట్టుకుంటుంది. అయినా పాటించాల్సిన నియమం ఒకటి ఉంది: ఇంటికి ఒకే మెట్ల దారి ఉంటే దాని మొదట్లో ఏ బండినీ చార్జింగ్‌కు పెట్టకూడదు. గుడారానికి కూడా అంతే, చార్జింగ్‌లో ఉన్న కారుకూ పడకకూ మధ్య కొన్ని అడుగుల ఎడం ఉండాలి. ఇంకొకటి వాన. 2020 అక్టోబర్‌లో హాఫిజ్‌బాబానగర్, అల్ జుబైల్ కాలనీ ఇళ్ళల్లోకి నీళ్ళు ఎంత ఎత్తున వచ్చాయో అక్కడివాళ్ళకు గోడల మీద చార చూస్తే తెలుసు. ప్లగ్గు ఆ చారకు పైనే ఉండాలి.

బొగ్గు కరెంటుతో నడిచే కారు వల్ల గాలికి ఒరిగేదేముంది అని అడిగేవారికి నిజాయితీగా అంకెలే చెప్పాలి. మన దేశంలో యూనిట్ కరెంటుకు సగటున 700 గ్రాముల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్ వెలువడుతోంది. చార్జింగ్‌లో పోయేదాన్ని కలిపి అనంతగిరి ప్రయాణానికి 27 యూనిట్లనుకుంటే సుమారు 19 కిలోలు. లీటరుకు 15 కిలోమీటర్లిచ్చే పెట్రోలు కారు అదే 160 కిలోమీటర్లకు దాదాపు 25 కిలోలు వదులుతుంది. తేడా ఉంది, కానీ బ్రహ్మాండమైనది కాదు. ఇంటిమీదో క్యాంపు మీదో సౌరఫలకాలుంటే అప్పుడే అది పెద్దదవుతుంది. డబ్బు లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. ఇంట్లో యూనిట్ పది రూపాయలనుకున్నా ప్రయాణం ఖర్చు 270. పెట్రోలుకు వెయ్యి రూపాయల పైనే. బయటి ఫాస్ట్ చార్జర్ల దగ్గర 18 శాతం జీఎస్టీతో కలిపి యూనిట్ 20 దాటితే ఆ లాభంలో మూడో వంతు కరిగిపోతుంది. ఇంటి ప్లగ్గు, క్యాంపు ప్లగ్గు ముఖ్యమనడానికి ఇదీ ఒక కారణం. కారు ధర ఎక్కువే. 2024 నవంబర్ 18 నుంచి 2026 డిసెంబర్ 31 దాకా తెలంగాణ ఇచ్చిన రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు ఆ తేడాను కొంత తగ్గించింది. ఏడాదికి నాలుగు రాత్రుల క్యాంపింగ్ కోసమే ఎవరూ కొత్త కారు కొనకూడదు. రోజూ ఊళ్ళో తిరిగే బండిగా గిట్టుబాటైతేనే కొనాలి.

ఇక దూరం సంగతి. పాతబస్తీవాళ్ళకు శ్రీశైలం రోడ్డు గుమ్మం ముందే మొదలవుతుంది: చాంద్రాయణగుట్ట, పహాడీషరీఫ్, తుక్కుగూడ, కడ్తాల్, ఆమనగల్, డిండి, మన్ననూరు. 215 కిలోమీటర్ల ఈ దారిలో చివరి మూడో వంతు అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ఉంటుంది. అక్కడ చార్జర్ కోసం వెతుక్కోవాల్సిన గతి పడుతుందన్నది అభ్యంతరం. ఘాట్ ఎక్కితే బ్యాటరీ హరించుకుపోతుందన్నది మరో భయం. 1,800 కిలోల బండిని 500 మీటర్ల ఎత్తుకు చేర్చడానికి కావలసింది సుమారు రెండున్నర యూనిట్లు. దిగేటప్పుడు మోటారు బ్రేకుగా మారి అందులో కొంత తిరిగి ఇస్తుంది కూడా. నార్వేలో 2024లో అమ్ముడైన కొత్త కార్లలో పదింటికి తొమ్మిది దాకా విద్యుత్‌వే. అక్కడ బ్యాటరీని నీరసపరిచే గడ్డకట్టే చలి నల్లమలలో లేదు. అయినా ఒకే చార్జింగ్‌తో శ్రీశైలం వెళ్ళి రావడం 45 యూనిట్ల కారుకు అయ్యే పని కాదు, కాబట్టి దారిలో ఒక రాత్రి మజిలీ కావాలి. ఆ మజిలీ ఎక్కడో అడవే చెబుతోంది. జంతువుల కోసం ఈ రోడ్డును రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు, హైదరాబాద్ నుంచి వెళ్ళే బండ్లు మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర ఆగిపోతాయి. అటవీశాఖ వసతి గదులూ మన్ననూరులోనే ఉన్నాయి. చార్మినార్ నుంచి అక్కడికి సుమారు 140 కిలోమీటర్లు, 21 యూనిట్ల ఖర్చు. గేటు మూసి ఉండే తొమ్మిది గంటల్లో మామూలు ప్లగ్గు ఇచ్చేది 27 యూనిట్లు, దారిలో అయినదీ చార్జింగ్‌లో పోయేదీ కలిపి పూడ్చడానికి సరిపోతుంది. శ్రీశైలంలో రెండో రాత్రి ఏ సత్రంలోనో అలాంటిదే మరొకటి దొరికితే తిరుగు ప్రయాణానికి బెంగ లేదు. గది కోసం ఫోన్ చేసినప్పుడు కారు ఆపే చోట 15 ఆంపియర్ల ప్లగ్గు ఉందా అని కూడా అడగండి. ఉంటే, ఉదయం ఆరింటికి గేటు తెరిచేసరికి బ్యాటరీ నిండి ఉంటుంది.