మీకు తెలుసా? విరాళం వయా ఢిల్లీ

ఆనందపురంలోని సేవాసంస్థకు ఏ అమెరికా ఫౌండేషనో విరాళం పంపితే, ఆ సొమ్ము ముందు ఢిల్లీలో దిగాల్సిందే! విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020లో చేసిన సవరణ ప్రకారం, దేశంలో ఎక్కడి సంస్థయినా అలాంటి నిధులను మొదట పార్లమెంటు వీధిలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోనే అందుకోవాలి. ఆ తర్వాతే సొంతూరి ఖాతాకు మళ్లించుకోవచ్చు. ఖాతా తెరవడానికి ఢిల్లీ వెళ్లనక్కర్లేదు, అంతవరకు నయం!

కార్యాలయ నిర్వహణ ఖర్చుల పరిమితి కూడా 50 శాతం నుంచి 20కి తగ్గింది. అసలు దెబ్బ మాత్రం ఇంకోచోట తగిలింది. నగరంలోని పెద్ద సంస్థ విదేశీ నిధులు తెచ్చి పల్లెల్లోని చిన్న సంస్థలకు పంచే పాత పద్ధతి ఇప్పుడు నిషిద్ధం. పుచ్చుకునే సంస్థకు హోంశాఖ రిజిస్ట్రేషన్ ఉన్నా సరే, కుదరదు.