కనబడని చెమట

మే నెల మధ్యాహ్నం, హైదరాబాదులో ఉష్ణోగ్రత 40 సెంటీగ్రేడు డిగ్రీలు దాటిన వేళ, వీపున పెద్ద సంచి తగిలించుకొని మోటారుసైకిలుపై ఇంటింటికి భోజనం చేరవేసే డెలివరీ యువకుని గమనించండి. సంచి ఆనుకొన్న వీపు తప్ప అతని చొక్కా దాదాపు పొడిగానే ఉంటుంది. గాలి తగులుతున్నది గదా, చెమట పట్టదని మనం అనుకుంటాము. అతడూ అట్లే అనుకుంటాడు. చిక్కంతా ఇక్కడే ఉన్నది.

ఎండలో మన చర్మపు ఉష్ణోగ్రత సుమారు 35 డిగ్రీలు. చుట్టూ ఉన్న గాలి అంతకంటె చల్లగా ఉన్నంతవరకు శరీరం తన వేడిని గాలికి ఇచ్చివేయగలదు. గాలి అంతకంటె వేడెక్కినచో వ్యవహారం తలక్రిందులవుతుంది. గాలిలోని వేడే శరీరానికి చేరుతుంది. బండి వేగం హెచ్చినకొద్దీ ఇంకా త్వరగా చేరుతుంది. అప్పుడు శరీరానికి మిగిలిన మార్గం ఒక్కటే, చెమట ఆవిరి కావడం. ఒక గ్రాము చెమట ఆవిరి అయ్యేటప్పుడు దాదాపు 580 కెలోరీల వేడిని తీసుకొనిపోతుంది. కూజాలో నీరు చల్లబడేదీ ఈ సూత్రం వల్లనే. కాని కూజాను ఎవరో ఒకరు తిరిగి నింపుతారు!

ఎదురుగాలికి చెమట పుట్టిన వెంటనే ఆరిపోతుంది. తడి కనబడదు, నీరు మాత్రం పోతూనే ఉంటుంది. ఉపాధ్యాయులు దీనిని తరగతిలో సులభంగా చూపవచ్చును. సమానమైన రెండు గుడ్డముక్కలను తడిపి తూచి, ఒకటి పంకా క్రింద, మరొకటి గది మూలలో ఆరవేసి, పావుగంట తరువాత మళ్ళీ తూచవలెను. ఎక్కువ పొడిగా కనబడినదే ఎక్కువ నీటిని పోగొట్టుకొన్నది. విశాఖపట్నం వంటి తీరపు ఊళ్ళలో సంగతి వేరు. అక్కడ గాలిలో తేమ ఎక్కువ గనుక చెమట కారిపోతుంది. నీరూ పోతుంది, చల్లదనమూ దక్కదు.

ఎండలో పనిచేసేవారు గంటకు అరలీటరు నుండి లీటరు వరకు చెమట కోల్పోవచ్చును. 60 కిలోల మనిషికి 1.2 లీటర్లు అనగా శరీరపు బరువులో నూటికి రెండు వంతులు. అంత నీరు తగ్గేసరికి గుండె వేగం హెచ్చుతుంది, ఏకాగ్రత సడలుతుంది. వాహనం నడిపేవానికి ఇది చిన్న విషయం కాదు. దాహమేమో, రక్తం కొంత చిక్కబడి, మెదడులోని హైపోథాలమస్ ఆ మార్పును గుర్తించిన తరువాతగాని వేయదు. అందుకే దాహం కోసం ఎదురుచూడక 15, 20 నిమిషాలకొకసారి గ్లాసెడు నీరు త్రాగవలెనని వృత్తి ఆరోగ్య నిపుణులు చెబుతారు. గంటల తరబడి చెమట పోసినప్పుడు ఉప్పు వేసిన మజ్జిగ మంచిది. ఉప్పుకూడా పోతున్నది గదా.

సలహా సరే, నీరెక్కడ? సంచిలోని సీసా ఎండకు కాగిపోతుంది. త్రాగితే మూత్రశాల కావలెను; అది దొరకదని నీరే మానుకొనేవారున్నారు. ఈ పనిలో ఉన్న స్త్రీలకు ఇబ్బంది ఇంకా ఎక్కువ. నీరు మానితే మూత్రం చిక్కబడి, మూత్రపిండాలలో రాళ్ళు ఏర్పడే అవకాశం పెరుగుతుంది.

250 మందికి మించి పనిచేసే కర్మాగారాలలో వేసవిలో చల్లని త్రాగునీరు ఏర్పాటు చేయవలెనని 1948 నాటి కర్మాగారాల చట్టం శాసించినది. వీధులే కర్మాగారమైనవారికి కుళాయి ఎక్కడ బిగించాలి? చెన్నై నగరపాలక సంస్థ 2025లో ఇటువంటి పనివారికోసం త్రాగునీరు, మరుగుదొడ్డి గల విశ్రాంతి గదిని అణ్ణానగర్‌లో తెరచినది. మనకు వేసవి చలివేంద్రాలు కొత్త కాదు. అవి ఎక్కువగా కూడళ్ళలో, బస్టాండుల వద్ద ఉంటాయి. డెలివరీ పనివారు వేచి ఉండేది హోటళ్ళ ముందు, గిడ్డంగుల ముందు. కొన్ని కుండలను అక్కడికి మార్చవచ్చును, దగ్గరలో మూత్రశాల ఉన్నదో లేదో ముందుగా చూసుకొని.