పెరటికి ఏ మిరప?

మాది గుంటూరు జిల్లాలో మిరప పండించే పల్లె. అందుచేత హాస్టల్లో మిత్రులూ, ఒకరిద్దరు లెక్చరర్లూ కూడా "మా పెరట్లోకి ఏ మిరప మంచిదోయ్?" అని అడుగుతుంటారు. అందరికీ కలిపి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

చేనికి మంచి రకం పెరటికీ మంచిదే అనుకోకండి. చేలో ఏ రకం వేయాలో చెప్పేది మార్కెట్ యార్డు. ఎండితే ఎంత తూగుతుంది, రంగు నిలుస్తుందా అన్నదే మా నాన్న లెక్క. పెరట్లో ఏది వేయాలో చెప్పేది వంటిల్లు.

ఘాటు కావాలంటే గుంటూరు సన్నం. 1912లో స్కోవిల్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు ఏర్పరచిన కొలతలో దాని కారం సుమారు 35 నుంచి 40 వేలు. పచ్చడికి రంగు ఎక్కువ, కారం తక్కువ కావాలంటే వరంగల్ వైపు పండే లావుపాటి చపాటా, లేదా కర్ణాటకలోని బ్యాడగి. చిన్న పిల్లలున్న ఇంటికి బజ్జీ మిరప చాలు. అన్నట్టు, కారం గింజలో పుట్టదు. గింజలు అంటుకుని ఉండే తెల్లని ఈనెలో పుడుతుంది. ఆ ఈనె తీసేస్తే సగం మంట తగ్గుతుంది.

ఇక నేను చేసిన పొరపాటు. మా అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న మిరప విత్తనం మా పెరట్లో ఏటేటా మొలిచేది. ఇంటర్ సెలవుల్లో సరదాపడి దాని పక్కనే బెంగుళూరు మిర్చి నాటాను. ఆ ఏడు ఏ తేడా లేదు. ఎందుకంటే కాయ తల్లి మొక్కదే. లోపలి గింజ మాత్రం ఇద్దరిదీ. తేనెటీగలు పుప్పొడి మోశాయి. మరుసటి ఏడు అమ్మ దాచిన గింజలు వేస్తే కొన్ని మొక్కలకు పొట్టి కాయలు, కారమూ అంతంతే. "ఇది మా అమ్మ మిరప కాదురా" అంది అమ్మ. మెండెల్ సూత్రాలు పరీక్షలో బాగానే రాశాను. పెరట్లో గుర్తు రాలేదు. అమ్మమ్మగారి ఊళ్లో అడిగితే అందరూ హైబ్రిడ్లకు మారిపోయారు. హైబ్రిడ్ గింజ దాచి వేస్తే తల్లి గుణం నిలవదు, ఏటా కొనాల్సిందే.

కనుక విత్తనం దాచుకునేవారు పెరట్లో ఒక్క రకమే వేయండి. విత్తన పంటకు 200 మీటర్ల ఎడం ఉండాలంటారు. మన పెరళ్లలో అది కుదరదు. రెండు రకాలు వేస్తే, పూయకముందే నాలుగు మొగ్గలకు పల్చటి గుడ్డసంచి కట్టి, కాయ దిగాక తీసేసి, గుర్తుకు దారం కట్టండి.

మొన్న సంక్రాంతికి వెతికితే అటక మీద పాత ఎండుకాయలు ఏడు దొరికాయి. మొలిచినవి మూడే మొక్కలు. ఈసారి గుడ్డసంచులు అమ్మే కుట్టింది.