నాన్నా, పాత కారు బాగు చేద్దామా?

ఒక ఆదివారం సాయంత్రం పద్నాలుగేళ్ల అబ్బాయిని మా క్యాజువాలిటీకి తీసుకొచ్చారు. ఆగని దగ్గు, ఆయాసం, నోటి దగ్గర పెట్రోలు వాసన. వెంట వచ్చిన తండ్రి చేతులకు ఇంకా గ్రీజు అంటుకునే ఉంది. "పాత మారుతి కొన్నాం డాక్టర్ గారూ, ఇద్దరం కలిసి బాగు చేద్దామని. ట్యాంకులో పాత పెట్రోలు తీయడానికి వీడు పైపు పెట్టి నోటితో పీల్చాడు" అన్నారు. కొద్దిపాటి పెట్రోలు ఊపిరితిత్తుల్లోకి వెళ్లింది. నాలుగు రోజులు ఆక్సిజన్‌తో గడిచాయి. డిశ్చార్జి రోజున ఆ తండ్రి అడిగారు: "ఆ కారు అమ్మేయమంటారా?" పక్కనే ఉన్న అబ్బాయి నా ముఖంలోకే చూస్తున్నాడు.

"అమ్మొద్దండీ, పని చేసే పద్ధతి మార్చండి" అన్నాను.

ఎందుకలా అన్నానంటే, మెడనొప్పి, తలనొప్పి, నిద్ర పట్టడం లేదంటూ ఓపీకి వచ్చే టీనేజీ పిల్లల్లో చాలామందికి సాయంత్రాలన్నీ ఫోన్‌తోనే గడుస్తున్నాయి. ఎదురుగా కూర్చోబెట్టి 'ఏమైందిరా' అంటే నోరు విప్పని పిల్లలు, పక్కన కూర్చుని బోల్టు విప్పుతూ మాట్లాడతారు. ఆరుబయట వెలుతురులో గడిపితే దగ్గరి చూపు సమస్య వచ్చే అవకాశమూ తగ్గుతుంది. మీకు కూడా కుర్చీలోంచి లేచే పని దొరుకుతుంది. అయితే ఈ మేలంతా మీరు ఏ కారు ఎంచుకుంటారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

కొలత ఒక్కటే

కారు చూడటానికి వెళ్లినప్పుడు ధర కంటే ముందు ఒక ప్రశ్న వేసుకోండి: 'ఈ కారులో నా బిడ్డ సురక్షితంగా చేయగల పని ఎంత ఉంది?' బోల్టులు విప్పి బిగించడం, స్పార్క్ ప్లగ్గులు శుభ్రం చేయడం, లైట్లు, హారన్ వైరింగు, సీటు కవర్లు, అద్దాల రబ్బర్లు... ఇవి పిల్లల పనులు. తుప్పు గీకడం, వెల్డింగు, టింకరింగు, పెయింటింగు పిల్లల పనులు కావు. అందుకే తుప్పు పట్టి చౌకగా వచ్చే కారు కంటే, రంగు వెలిసినా బాడీ గట్టిగా ఉండి, ఇంజిన్ స్టార్టయ్యే కారే మేలు. మొదటిదానికి ఖర్చూ ఎక్కువే, ప్రమాదమూ ఎక్కువే.

జేబులో ఒక చిన్న అయస్కాంతం వేసుకెళ్లండి. బాడీ మీద అక్కడక్కడా పెట్టి చూడండి. ఇనుప రేకుకు అతుక్కుంటుంది, మందంగా లప్పం పూసిన చోట జారిపోతుంది. కాళ్ల దగ్గరి మ్యాట్లు ఎత్తండి. తలుపుల కింది అంచులు, బ్యాటరీ కింది రేకు, డిక్కీలో స్టెప్నీ ఉండే గుంట తప్పకుండా చూడాలి.

ఏ కారు?

మన వీధుల్లో కనిపించిన మూడు పాత కార్లను తీసుకుందాం.

మారుతి 800: 1983 డిసెంబరులో వచ్చింది, 2014లో ఉత్పత్తి ఆగింది. 796 సీసీ, మూడు సిలిండర్ల చిన్న ఇంజిన్. బరువు సుమారు 650 కిలోలే. పని తెలిసిన మెకానిక్ దాదాపు ప్రతి ఊళ్లో ఉంటాడు. మొదటిసారి దిగేవారికి నా ఓటు దీనికే.

అంబాసిడర్: 1950ల చివరి నుంచి 2014 వరకు పశ్చిమబెంగాల్‌లోని ఉత్తరపరాలో తయారైంది. మందపాటి రేకు. బానెట్ ఎత్తితే చెయ్యి పెట్టడానికి కావలసినంత చోటు ఉంటుంది. కానీ బరువు టన్నుకు పైనే. కాస్త పెద్ద పిల్లలు, తోడుగా అనుభవమున్న మెకానిక్ ఉంటేనే మంచిది.

ప్రీమియర్ పద్మిని: ఫియట్ 1100 వంశం. ముంబయి టాక్సీగా అందరికీ తెలుసు. చూడముచ్చటగా ఉంటుంది. కానీ విడిభాగాల కోసం వెతకాలి, తుప్పు విషయంలో మరీ జాగ్రత్తగా చూడాలి. దీన్ని రెండో కారుగా పెట్టుకోండి.

కొన్న ధరకు సమానమైన మొత్తం మరమ్మతు కోసం పక్కన పెట్టగలిగితేనే దిగండి. డబ్బు చాలక సగంలో ఆగిన కారు ఇంట్లో రోజూ గొడవ అవుతుంది. ఆర్‌సీలోని ఛాసిస్, ఇంజిన్ నంబర్లు కారు మీద ఉన్నవాటితో సరిపోవాలి. 15 ఏళ్లు దాటిన కారుకు రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్లకోసారి రెన్యూవల్ చేయించాలి. ఫీజు, గ్రీన్ ట్యాక్స్ ఎంతో కొనకముందే ఆర్టీఏ ఆఫీసులో కనుక్కోండి. వింటేజ్ గుర్తింపు 50 ఏళ్లు దాటిన వాటికే.

ఇవి మాత్రం మరవొద్దు

పెట్రోలు: నోటితో పీల్చకూడదు. ఎవరైనా మింగితే వాంతి చేయించకండి. ఉప్పునీళ్లు, పాలు పట్టకండి. వాంతిలో అది మళ్లీ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దగ్గు లేకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి, కొన్ని గంటలు గమనించాలి. గ్రీజు వదిలించడానికి చేతులు పెట్రోలుతో కడగొద్దు. కొబ్బరినూనె రాసి, సబ్బుతో కడిగితే పోతుంది.

పొగ: తలుపులు మూసిన షెడ్డులో ఇంజిన్ స్టార్ట్ చేయొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. పని చేస్తున్న ఇద్దరికీ తలనొప్పి, వికారం ఒకేసారి వస్తే వెంటనే బయటికి వచ్చేయండి.

పాత రంగు: అందులో సీసం ఉండవచ్చు. 2017 నుంచి అమల్లో ఉన్న 90 పీపీఎం పరిమితి ఇళ్లకు వేసే రంగులకే. మింగిన సీసాన్ని చిన్నపిల్లల శరీరం పెద్దల కంటే నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. రంగు గీకే పని షెడ్డుకు వదిలేయండి. మీరు వేసుకున్న బట్టలు విడిగా ఉతకండి. ఇంట్లో పసిపిల్లలు, గర్భిణులు ఉంటే మరింత జాగ్రత్త.

బ్రేకుల దుమ్ము: పాత బ్రేక్ షూలు, క్లచ్ ప్లేట్లలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. గాలి కొట్టి ఊదకూడదు, మెకానిక్‌తో తడిపి తుడిపించండి. ఆ దుమ్ము చేసే హాని దశాబ్దాల తర్వాత బయటపడుతుంది.

ఎలుకలు: ఏళ్ల తరబడి నిలిపి ఉంచిన కారులో ఎలుకలు కాపురం పెడతాయి. వాటి మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ రావచ్చు. చీపురుతో ఊడ్చకుండా, గ్లౌజులు వేసుకుని బ్లీచింగ్ నీళ్లతో తడిపి తుడవండి.

జాకీ: జాకీ ఎత్తిన కారు కిందికి ఎవరూ దూరొద్దు. జాకీ స్టాండ్లు పెట్టినా సరే, పిల్లలు అసలే వద్దు.

కళ్లు: గాగుల్స్ లేకుండా పని మొదలుపెట్టొద్దు. బ్యాటరీ యాసిడ్ కంట్లో పడితే కుళాయి నీటి ధార కింద 15 నుంచి 20 నిమిషాలు కడిగి ఆసుపత్రికి రండి. ఇనుప రజను పడితే నలపకండి.

గాయాలు: ధనుర్వాతం తుప్పు వల్ల రాదు. మట్టిలో ఉండే బ్యాక్టీరియా గాయంలోకి చేరితే వస్తుంది. పిల్లలకు 10, 16 ఏళ్ల టీడీ టీకాలు పడ్డాయో లేదో చూసుకోండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇవి ఉచితం.

తాళం: కారు సిద్ధమయ్యాక 'వీధి చివరి దాకా ఒక్కసారి' అని అడుగుతారు. లైసెన్సుకు 18 ఏళ్లు నిండాలి. మైనరు నడుపుతూ దొరికితే తల్లిదండ్రులకు 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు పడవచ్చు.

తొందర వద్దు

వారానికి ఒక పూట చాలు. పరీక్షలొస్తే ఆపేయండి. 'సంక్రాంతికల్లా రోడ్డెక్కాలి' అని గడువు పెట్టుకుంటే, బోల్టు జారిన ప్రతిసారీ మీరు అరుస్తారు, పిల్లలు మెల్లగా పక్కకు తప్పుకుంటారు. సీటు కవరు రంగో, స్టీరియోనో... ఏదో ఒకటి పూర్తిగా వాళ్లనే నిర్ణయించనివ్వండి. ఆడపిల్లైతే 'నీకెందుకమ్మా' అనొద్దు, పానా చేతికివ్వండి.

రెండు వారాల తర్వాత ఎక్స్‌రే కోసం ఆ తండ్రీకొడుకులు మళ్లీ వచ్చారు. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. అబ్బాయి గోళ్ల సందుల్లో మాత్రం నల్లగా గ్రీజు. నేను అడగకముందే చెప్పాడు: "పెట్రోలు తీయడానికి ప్లాస్టిక్ పంపు కొన్నాం డాక్టర్ గారూ. ఇప్పుడు నాన్నకు కూడా గాగుల్స్ నేనే పెడుతున్నా."