మంచె: కట్టడం, పేరు

చేని మధ్యలో నాలుగు గుంజలు పాతి, పైన మనిషి కూర్చోవడానికి వీలుగా అమర్చిన ఎత్తైన కట్టడాన్ని మంచె అంటాం. జొన్న, సజ్జ, కొర్ర పైర్లు పాలు పోసుకొన్నప్పటి నుంచి కోత దాకా కావలివాడు దానిమీద ఉంటాడు. పగలు పిట్టలనూ, రాత్రి అడవిపందులనూ తోలుతాడు. చేతిలో వడిసెల ఉంటుంది. పక్కన తప్పెటో, పాత డబ్బానో ఉంటుంది.

ఇటువంటి కట్టడాన్నే అడవిలో నీటిగుంట దగ్గరనో, జంతువుల దారి పక్కనో కట్టి పొంచి కూర్చుంటే అది వేటమంచె. రెండింటికీ పోలిక ఉన్నా ప్రయోజనం వేరు. కావలివాడు పిట్టలకు కనిపించాలి, వినిపించాలి; అందుకే చేని మంచె నాలుగువైపులా తెరిచి ఉంటుంది. వేటగాడు కనిపించకూడదు, చప్పుడు చేయకూడదు. అందుకే వేటమంచెకు చుట్టూ ఆకుల మరుగు కడతారు.

ఒక్క పంటకాలానికైతే పచ్చికర్రలు నారతో కట్టినా చాలు. కర్ర ఎండి సన్నబడితే కట్లు సడలుతాయి. అప్పటికి పంట ఇంటికి చేరుతుంది. ఏళ్ల తరబడి నిలవాలంటే బాగా ఎండిన గట్టి కర్ర కావాలి. చివర పంగ ఉన్న గుంజలను ఎంచుకొంటే దూలం ఆ పంగలోనే కుదురుకొంటుంది, బరువంతా కట్టుమీద పడదు. చెదలు పట్టకుండా భూమిలో దిగే భాగాన్ని పైపైన కాల్చడమో, తారు పూయడమో చేస్తారు. గుంజల మధ్య ఏటవాలుగా కర్రలు బిగిస్తే ఊగదు. దూలాలమీద వెదుళ్లు పరిచి, పైన తడిక వేసి, ఎండకు తాటాకు కప్పు వేస్తారు. ఎక్కడానికి నిచ్చెన. చెట్టుకు కట్టిన మంచె గాలికి చెట్టుతోపాటు కదులుతుంది, కీళ్లు వదులవుతాయి. కనుక శాశ్వతంగా ఉండవలసిన మంచె తన కాళ్లమీదే నిలవాలి.

ఇక పేరు సంగతి. మంచం, మంచె రెండూ సంస్కృత 'మంచ' శబ్దానికి చెందినవే. మల్లిక మనకు మల్లె అయినట్లే మంచిక మంచె అయింది. కన్నడంలో మల్లిగె, మంచిగె అన్న జంట ఈ మార్పును మరింత స్పష్టం చేస్తుంది. కన్నడంలో అట్టణె అనే మాట కూడా ఉంది. మన అటక దానికి చుట్టమే. ఒరియాలో మంచా, మరాఠీలో మాళా, మచాణ అంటారు. తమిళంలో పరణ్. సంగకాలపు 'కుఱింజిప్పాట్టు'లో కొర్రచేనుకు కావలి ఉన్న నాయిక ఎక్కిన మంచె పేరు ఇదణం. హిందీ మచాన్ తెల్లదొరల పులివేటల ద్వారా ఇంగ్లీషులోకి కూడా వెళ్లింది.

మంచె ఎక్కగానే దాతగా, దిగగానే పిసినారిగా మారే చేను యజమాని కథ మీలో కొందరు వినే ఉంటారు. ఆ మంచె కింద భూమిలో విక్రమార్కుని సింహాసనం ఉందట. కొరవి గోపరాజు తెలుగు చేసిన 'సింహాసన ద్వాత్రింశిక' కథలకు ఆ సింహాసనమే మూలం.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట నేరమైంది. ఇప్పుడు అడవి మంచెలు జంతువులను చూడడానికీ, లెక్కించడానికీ పనికివస్తున్నాయి. చిరుధాన్యాల సాగు తగ్గినచోట చేని మంచె కూడా అరుదైంది. వస్తువు పోతే పేరు వెంటనే పోదు. ముందు దాని భాగాల పేర్లు పోతాయి, తరువాత దాని చుట్టూ ఉన్న క్రియలు పోతాయి. చివరకు మంచె అన్న మాట నిఘంటువులో మిగులుతుంది.

హోసూరులోనో, కోలారులోనో, బరంపురంలోనో, నాందేడులోనో ఉన్న విద్యార్థులకు ఇక్కడ ఒక పని ఉంది. మీ ఇళ్లలో పొలం చేసిన పెద్దలను అడగండి: మంచెను ఏమనేవారు? గుంజకు, దూలానికి, కప్పుకు, వడిసెలకు ఏ పేర్లు వాడేవారు? పిట్టలను తోలేటప్పుడు ఏమని కేకవేసేవారు? అన్నది అన్నట్లే రాసుకోండి. పక్కభాష మాట వస్తే దిద్దకండి. ఊరి పేరు, చెప్పినవారి వయసు, వారు పండించిన పంట కూడా రాయండి. పక్కభాషతో తరతరాలుగా కలిసి బతికిన తెలుగు ఎలా ఉంటుందో ఆ పేర్లే చెబుతాయి.