ఊరు ఒక స్థాయి, మరి వాడ? - బహుళస్థాయి నమూనాల్ని ఎలా చదవాలి

వయసుకు తగ్గ ఎత్తు ఎదగని పిల్లలు షెడ్యూల్డు కులాల్లో ఎక్కువని, 'ఇతరులు' అనే గడిలో ఉన్నవాళ్లలో తక్కువని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015-16లోనూ చెప్పింది, 2019-21లోనూ చెప్పింది. ఇందులో తగాదా లేదు. తగాదా అంతా 'ఎందుకు' అన్నచోట మొదలవుతుంది. ఆ ఎందుకుకు జవాబు చెప్పే పరిశోధనా వ్యాసాల్లో ఇప్పుడు ఎక్కువగా కనిపించే పనిముట్టు బహుళస్థాయి నమూనా. మల్టీలెవెల్ మోడల్ అనీ, మిక్స్‌డ్ ఎఫెక్ట్స్ మోడల్ అనీ అంటారు. ఉద్యమంలో ఉన్నవాళ్లు ఈ పట్టికల్ని చూసి 'ఇదంతా పండితుల గోల' అని పక్కన పెట్టేస్తే నష్టం మనకే. ఎందుకంటే మన పిల్లల గురించి తీర్పులు ఆ పట్టికల్లోనే రాస్తున్నారు.

అసలీ పద్ధతి ఎందుకు అవసరమైందో ముందు చూద్దాం. మామూలు రిగ్రెషన్ ప్రతి మనిషినీ విడి మనిషిగా లెక్కేస్తుంది. కానీ ఒక ఊళ్లో పిల్లలు ఒకే నీళ్లు తాగుతారు, ఒకే అంగన్‌వాడీకి పోతారు. వాళ్లు ఒకరికొకరు ఎంతో కొంత పోలి ఉంటారు. పైన చెప్పిన సర్వేలు ఎంపిక చేసిన ఒక్కో చోట 22 ఇళ్లు తీసుకున్నాయి. గ్రామానికి 22 మంది చొప్పున వెయ్యిమంది పిల్లల్ని కొలిచామనుకుందాం. ఎత్తులోని మొత్తం తేడాల్లో పదోవంతు గ్రామానికీ గ్రామానికీ మధ్య ఉన్న తేడా అనుకుందాం. అప్పుడు రోడ్డు, ఆసుపత్రి లాంటి గ్రామ విషయాల గురించి తేల్చడానికి ఆ వెయ్యిమంది సుమారు 320 మంది విడి పిల్లల పాటి సమాచారమే ఇస్తారు. 1కి 21 రెట్ల 0.1 కలిపితే 3.1, వెయ్యిని దానితో భాగించాలి, అంతే.

ఇది మరిచిపోతే ఏమవుతుందో ఇంగ్లండులో తేలింది. పాతకాలపు కట్టుదిట్టమైన పద్ధతిలో చెప్పే టీచర్ల దగ్గరే పిల్లలు బాగా నేర్చుకుంటారని 1976లో నెవిల్ బెన్నెట్ అధ్యయనం చెప్పింది. పెద్ద దుమారం లేచింది. పిల్లలు వందల్లో ఉన్నారు గానీ టీచర్లు 37 మందే. 1981లో పిల్లలు తరగతుల్లో గుంపులుగా ఉన్నారన్న సంగతిని పట్టించుకుని మళ్లీ లెక్కేస్తే (బెన్నెట్ కూడా అందులో పాల్గొన్నాడు) ఆ గట్టి తీర్పు నిలబడలేదు.

ఇప్పుడు నమూనా సంగతి. ఒక బిడ్డ ఎత్తుని అది ఇలా విడగొడుతుంది: అందరి సగటు, దానికి కులం వల్ల, తల్లి చదువు వల్ల, ఆస్తి వల్ల కలిసేది లేదా తగ్గేది, ఆ పైన ఆ గ్రామానికి ప్రత్యేకమైన హెచ్చు లేదా తగ్గు, చివరికి ఆ బిడ్డకే సొంతమైన మిగులు. కులం, చదువు లాంటి వాటికి అన్ని గ్రామాలకీ కలిపి ఒక్కో అంకె వస్తుంది. వీటిని స్థిర ప్రభావాలంటారు. గ్రామాల హెచ్చుతగ్గులకు విడివిడి అంకెలు కాకుండా అవి ఎంత వెడల్పున చెదిరి ఉన్నాయో చెప్పే విస్తృతి ఒక్కటి ఇస్తారు. అది యాదృచ్ఛిక ప్రభావం. విస్తృతిని ఇలా స్థాయిల వారీగా పంచే పద్ధతుల్లో ఒకటి ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివిన సి.ఆర్.రావు 1970ల మొదట్లో ఇచ్చిందే. పేరు భయపెడుతుంది గానీ పని మాత్రం ఇంతే.

కులం అంకె కూడా గ్రామాన్నిబట్టి మారొచ్చని నమూనాకి చెప్పవచ్చు. ఇది చాలా ముఖ్యం. దళిత పిల్లలకీ మిగతావాళ్లకీ మధ్య సగటు తేడా 1.2 సెంటీమీటర్లు, గ్రామాల మధ్య ఆ తేడా తాలూకు ప్రామాణిక విచలనం 0.6 అని వచ్చిందనుకుందాం. రెండు విచలనాలు అటూ ఇటూ పోతే, కొన్ని గ్రామాల్లో తేడా దాదాపు సున్నా, కొన్నింట్లో 2.4. సగటు ఒక్కటే చదివి ఊరుకునేవాడు ఈ రెంటినీ పోగొట్టుకుంటాడు. తేడా లేని ఊళ్లో ఏముందో, రెట్టింపున్న ఊళ్లో ఏం జరుగుతోందో అడగాల్సింది అక్కడే. పట్టిక అడుగున ఒకటి రెండు వరుసల్లో ఉండే ఈ విస్తృతి అంకెల్ని చాలామంది చదవనే చదవరు.

ఇక అసలు మాట. స్థాయిలు ఆకాశం నుంచి ఊడిపడవు, పరిశోధకుడు ఎంచుకుంటాడు. రెవెన్యూ రికార్డులో గ్రామం ఒకటే. మనకు తెలిసిన గ్రామం రెండు: ఊరు, వాడ. కుళాయి, సిమెంటు రోడ్డు, మురుక్కాలవ ఎక్కడిదాకా వచ్చి ఆగిపోతాయో వేరే చెప్పక్కర్లేదు. నమూనాలో 'గ్రామం' అనే స్థాయి పెట్టి, వాడని ఏ రూపంలోనూ పెట్టకపోతే, వాడలో నీళ్లు లేని బరువంతా పోయి కులం అంకె మీద పడుతుంది. పట్టికలో ఆ అంకె 'వ్యక్తి స్థాయి' అనే శీర్షిక కింద ఉంటుంది. అప్పుడు వ్యాఖ్యానం ఇలా నడుస్తుంది: ఒకే గ్రామం, అంతే ఆస్తి, తల్లులకి అంతే చదువు, అయినా దళిత పిల్లలు పొట్టిగా ఉన్నారంటే లోపం వాళ్ల అలవాట్లలో ఉంది. లెక్కలో తప్పు లేదు. 'ఒకే గ్రామం' అన్న మాటే అబద్ధం.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది, అది మన మిత్రులే చేస్తారు. వాడ అనే స్థాయిని, నీటి దూరాన్ని నమూనాలో చేర్చగానే కులం అంకె చిన్నదైపోయిందనుకుందాం. 'చూశారా, సమస్య కులం కాదు, వసతులే' అంటారు. కానీ ఒకడు వాడలో పుట్టడానికి కారణం ఏమిటి? 1985 జులైలో కారంచేడు గొడవ మాదిగపల్లె మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైంది. అక్కడ నీళ్లు వేరు, కులం వేరు అని ఏ నమూనా విడదీయగలదు? అంకె తగ్గిందంటే కులం ఏ దారిన పనిచేస్తోందో కొంత తెలిసిందని అర్థం. కులం పని చేయడం లేదని కాదు. ఆస్తిని 'సమానంగా ఉంచి' చూసే పట్టికలన్నిటికీ ఇదే వర్తిస్తుంది. భూమి లేకపోవడం కూడా కులం చేసిన పనే.

షెడ్యూల్డు కులాలు అన్న ఒకే గడి గురించి కూడా ఒక మాట. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జాబితాలో 59 కులాలున్నాయి. వర్గీకరణ చేసుకోవచ్చని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు చెప్పాక, కులాల వారీ అంకెల కోసం వెతుకులాట పెరగక తప్పదు. కులాన్నే ఒక స్థాయిగా పెట్టి 59 హెచ్చుతగ్గుల్ని అంచనా వేయడం సాధ్యమే. అయితే ఈ నమూనా తక్కువ మంది ఉన్న గుంపుల అంచనాల్ని అందరి సగటు వైపు లాగుతుంది. కొద్ది సమాచారం మీద గట్టిగా మాట్లాడకుండా అది తీసుకునే జాగ్రత్త ఇది, మంచిదే. కానీ సర్వేలో పది ఇళ్లే దొరికిన చిన్న కులం నిజంగా ఎంత వెనకబడి ఉన్నా, పట్టికలో సగటుకు దగ్గరగా కనిపిస్తుంది. దాన్ని చూసి 'వీళ్లకి ప్రత్యేకంగా లోటేమీ లేదు' అని ఎవరైనా అంటే, ఎన్ని ఇళ్లు కొలిచారని అడగాలి.

సంఘాలు, విద్యార్థులు సొంతంగా ఒక మండలంలో సర్వే చేయాలనుకుంటే ఇది ఉపయోగపడుతుంది. 600 ఇళ్లు తిరిగే ఓపిక ఉంటే, 5 గ్రామాల్లో 120 చొప్పున కాకుండా 30 గ్రామాల్లో 20 చొప్పున తిరగండి. 5 గ్రామాలతో గ్రామాల మధ్య తేడా గురించి చెప్పగలిగేది దాదాపు శూన్యం. ఆ 20లో పది ఊళ్లోవి, పది వాడలోవి తీసుకోండి. ఊరికీ వాడకీ విడిగా మొత్తం ఇళ్లెన్నో రాసుకోండి, గ్రామం మొత్తానికి సగటు కట్టేటప్పుడు అది కావాలి. ఫారంలో కులం పేరు పూర్తిగా రాయండి, ఎస్సీ అని వదిలేయొద్దు. పక్కనే ఇంకో గడి: ఇల్లు ఊళ్లో ఉందా, వాడలో ఉందా, కుళాయికి ఎన్ని అడుగుల దూరం.