బిల్ట్-ఇన్ మైక్రోవేవ్: ముందు గూడు లెక్క, తర్వాతే బ్రాండు

2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలయ్యాక చుట్టుపక్కల ఊళ్ల రూపురేఖలే మారిపోయాయి. సాతంరాయి నుంచి తుక్కుగూడ దాకా అపార్ట్‌మెంట్లు, విల్లాలు లేస్తూనే ఉన్నాయి. తాళాలు చేతికొచ్చిన కుటుంబం గృహప్రవేశానికి ముందు చేయించే పెద్ద పని వంటగదే. బిల్డరు ఇచ్చేది సాధారణంగా గ్రానైట్ గట్టు, సింకు, రెండు మూడు ప్లగ్ పాయింట్లు. మిగతాదంతా మన ఖర్చే. ఆ ఖర్చుల జాబితాలో ఇప్పుడు అల్మరాలో ఇమిడిపోయే బిల్ట్-ఇన్ మైక్రోవేవ్ కూడా చేరింది.

షోరూములో అందరూ ముందు అడిగేవి రెండే: ఎన్ని లీటర్లు, ఆఫరెంత? నిజానికి ఈ రెండూ చివర అడగాల్సినవి. మైక్రోవేవ్ పదేళ్లు పనిచేస్తే గొప్ప. దాని కోసం చేయించిన చెక్కపని ఇరవై ఏళ్లు ఉంటుంది. ఇవాళ చేయించిన గూట్లోకి రేపు ఇంకో కంపెనీ మిషన్ కూడా దూరాలి. కాబట్టి గూడు కొలతలు, దాని ఎత్తు, కరెంటు లైను ముందు తేల్చుకుని, వాటికి సరిపడే ఓవెన్ కొనుక్కోవాలి.

2 అడుగులూ 600 మిల్లీమీటర్లూ ఒకటి కావు

ఇక్కడ అమ్మే బిల్ట్-ఇన్ ఓవెన్లు చాలావరకు యూరప్ కొలతల మీద తయారవుతాయి. అక్కడ అల్మరా బయటి వెడల్పు 600 మిల్లీమీటర్లు. 2018 ఆగస్టు 9న ఫర్నిచర్ కంపెనీ ఐకియా దేశంలోనే తన తొలి దుకాణాన్ని మన హైటెక్ సిటీలో తెరిచింది. అలాంటి కంపెనీలు ఫ్యాక్టరీలో తయారుచేసే వంటగదులన్నీ దాదాపు ఈ 600 లెక్కనే నడుస్తాయి. ఇంటికొచ్చి పనిచేసే కార్పెంటర్ మాత్రం అడుగులు, అంగుళాల్లో కొలుస్తాడు. చిక్కంతా అక్కడే.

ఓవెన్ కంపెనీ ఇచ్చే ఇన్‌స్టలేషన్ డ్రాయింగు సాధారణంగా అడిగే గూడు లోపలి వెడల్పు 560 నుంచి 568 మి.మీ. 600 మి.మీ. అల్మరాకు రెండు పక్కలా 18 మి.మీ. ప్లైవుడ్ తీసేస్తే 564 మిగులుతుంది. లోపల 1 మి.మీ. మైకా అతికిస్తే 562. రెండూ సరిపోతాయి.

ఇప్పుడు అదే అల్మరాను 2 అడుగులకు కొట్టించారనుకోండి. 2 అడుగులంటే 609.6 మి.మీ. లోపల 573.6 వస్తుంది, గరిష్ఠ హద్దు కంటే 5.6 ఎక్కువ. ఓవెన్ ముందు పలక వెడల్పు దాదాపు 595. 600 అల్మరాలో అయితే పలకకు అటూ ఇటూ రెండున్నర మిల్లీమీటర్ల సందే కనిపిస్తుంది. 2 అడుగుల అల్మరాలో అది 7 మి.మీ. దాటుతుంది. పక్క బ్రాకెట్లకు స్క్రూలు సరిగా పట్టవు, తలుపు లాగినప్పుడల్లా మిషన్ కదులుతుంది. పోనీ లోపలి కొలతే 22 అంగుళాలు పెట్టమందామంటే అది 558.8. డ్రాయింగు అడిగిన 560 కంటే 1.2 తక్కువ.

అందుకని కార్పెంటర్‌కు నోటిమాటగా చెప్పకండి. మిల్లీమీటర్లలో కాగితం మీద రాసి, గోడకు అతికించండి. మైకా వేశాక మిగలాల్సిన కొలత ఇది అని అందులోనే రాయండి.

ఎత్తులో రెండు రకాలు. చిన్నవాటికి గూడు ఎత్తు 380 మి.మీ. దగ్గర, మైక్రోవేవ్‌తో పాటు వేడిగాలితోనూ వండే పెద్ద కాంబీ ఓవెన్లకు 450 దగ్గర. లోతు చాలావాటికి 550 కావాలి. సన్నని మోడళ్లు 300-320 లోతుకు సరిపోతాయి కానీ, రకాలు తక్కువ. ఇల్లు కొత్తదైతే 450 ఎత్తు, 550 లోతు గూడే మేలు. ఇప్పుడు చిన్న ఓవెన్ కొన్నా మిగిలిన 70 మి.మీ.లో పలక బిగించి మూసేయొచ్చు. పదేళ్ల తర్వాత పెద్దది కావాలంటే ఆ పలక తీసేస్తే చాలు. చిన్న గూడును పెద్దది చేయాలంటే మాత్రం చెక్క కోయించాలి.

వెనక గాలి ఆడే దారి ఉండాలి. చాలా డ్రాయింగుల్లో గూటికి వెనక చెక్కే ఉండదు, పైకి వేడిగాలి పోయే సందు ఉంటుంది. కార్పెంటర్ అందం కోసం వెనక మూసేస్తే ఫ్యాన్ తోసిన వేడి మళ్లీ లోపలికే వస్తుంది, ఎలక్ట్రానిక్ బోర్డు ఆయుష్షు తగ్గుతుంది. గాలి సందుకు సన్నని జాలీ కొట్టించండి, బొద్దింకలు దూరవు.

ఎంత ఎత్తులో పెట్టాలి

మన దేశంలో మహిళల సగటు ఎత్తు దాదాపు 152 సెంటీమీటర్లు. మనిషి నిలువులో మోచేయి సుమారు 63 శాతం దగ్గర, భుజం 82 శాతం దగ్గర ఉంటాయి. అంటే మోచేయి 96 సెం.మీ. దగ్గర, భుజం 125 దగ్గర. మరిగే సాంబారు గిన్నెను క్షేమంగా బయటికి తీయగలిగేది ఈ రెంటి మధ్యే.

చాలా ఇళ్లలో ఓవెన్‌ను గట్టు పైనున్న వాల్ కేబినెట్‌లో పెట్టిస్తారు. గట్టు ఎత్తు 34 అంగుళాలు, దాని మీద 24 అంగుళాల ఖాళీ, ఆపైన కేబినెట్. మొత్తం 58 అంగుళాలు, అంటే 147 సెం.మీ. సగటు ఎత్తు మహిళకు భుజం కంటే 22 సెం.మీ. పైన. వేడి గిన్నె ముఖం ముందు నుంచి కిందికి దిగుతుంది. అమ్మమ్మలూ, స్కూలు పిల్లలూ వాడే ఇంట్లో ఇది ప్రమాదకరం. ఫ్రిజ్ పక్కన నిలువు అల్మరా చేయించి, ఓవెన్ అడుగు 95-110 సెం.మీ. మధ్య ఉండేలా చూడండి.

తలుపు తెరుచుకునే వైపు కూడా చూడాలి. చాలా మైక్రోవేవ్‌ల తలుపు ఎడమకు తెరుచుకుంటుంది. కాబట్టి ఎడమవైపు గోడ ఉండకూడదు, కుడివైపు గిన్నె దించడానికి గట్టు ఉండాలి.

ఆంపియర్ల లెక్క

డబ్బా మీద పెద్ద అక్షరాల్లో కనిపించే 800 వాట్లు ఆహారానికి అందే శక్తి. గోడ నుంచి లాగేది వేరే: దాదాపు 1,250 వాట్లు. 230 వోల్టుల మీద అది 5.4 ఆంపియర్లు. 6 ఆంపియర్ల చిన్న ప్లగ్గు మీద ఇది 90 శాతం భారం. వేడిగాలితో కాల్చే కన్వెక్షన్ ఉన్న మిషన్ 2,500 వాట్లు లాగితే 10.9 ఆంపియర్లు, 3,350 వాట్ల కాంబీ అయితే 14.6.

కాబట్టి ఏది కొన్నా 16 ఆంపియర్ల పాయింటు, 4 చదరపు మి.మీ. రాగి వైరు, విడిగా ఒక ఎంసీబీ వేయించండి. ఒకే లైను మీద 2,500 వాట్ల ఓవెన్, 1,500 వాట్ల కెటిల్ కలిసి నడిస్తే 17 ఆంపియర్లు దాటుతుంది, 16 ఆంపియర్ల పాయింటుకు అది మించిన భారం. ప్లగ్గు ఓవెన్ వెనక పెట్టించకూడదు, పక్క అరలో ఉండాలి. మెకానిక్ వచ్చినప్పుడు మిషన్‌ను బయటికి లాగకుండానే కరెంటు ఆపగలగాలి.

ఇంట్లోని 900 వీఏ ఇన్వర్టర్ ఇచ్చేది దాదాపు 720 వాట్లు. మైక్రోవేవ్‌ను ఆ లైనుకు కలపొద్దు. గేటెడ్ కమ్యూనిటీలో జనరేటర్ బ్యాకప్ ఫ్లాటుకు ఎన్ని వాట్లు ఇచ్చారో అడగండి. 1 కిలోవాటే అయితే కరెంటు పోయినప్పుడు ఓవెన్ నడవదు.

లీటర్లు, వాట్లు, మన వంట

ఫ్రిజ్‌లోంచి తీసిన అర కిలో సాంబారు 5 డిగ్రీల నుంచి 75 డిగ్రీలకు చేరాలంటే దాదాపు 140 కిలోజౌళ్లు కావాలి. 700 వాట్ల మైక్రోవేవ్‌కు 200 సెకన్లు, 900 వాట్లదానికి 156 సెకన్లు. తేడా 44 సెకన్లు. ఆ 44 సెకన్ల కోసం వేలకు వేలు పోయనక్కర్లేదు.

లీటర్ల కంటే తిరిగే పళ్లెం వ్యాసం ముఖ్యం. 20 లీటర్లవాటిలో అది దాదాపు 25 సెం.మీ., 28-32 లీటర్లవాటిలో 31 సెం.మీ. దాటుతుంది. మీరు రోజూ వాడే గాజు గిన్నెను కొలిచి ఆ అంకెతో షోరూముకు వెళ్లండి. పళ్లెం తిరగని ఫ్లాట్‌బెడ్ రకమైతే పొడవాటి గిన్నెలూ పడతాయి, తుడవడం సులువు.

మైక్రోవేవ్ తరంగాల పౌనఃపున్యం 2,450 మెగాహెర్ట్జ్, పొడవు 12.2 సెం.మీ. అవి ఆహారంలోకి చొచ్చుకుపోయేది రెండు మూడు సెంటీమీటర్లే. అందుకే కుప్పగా పెట్టిన పులిహోర అంచుల్లో బాగా వేడెక్కుతుంది, నడుమ చల్లగా ఉంటుంది. గిన్నె మధ్యలో గుంట చేసి, వేడి చేసేటప్పుడు సగంలో ఆపి ఒకసారి కలిపితే సరిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వంటకు చెప్పే 70 డిగ్రీలు ముద్ద నడిబొడ్డుకూ అందాలి.

కన్వెక్షన్ ఎవరికి? శంషాబాద్ నుంచి లేచే విమానాల్లో వేడిగా వడ్డించే భోజనం చాలాసార్లు అల్యూమినియం రేకు గిన్నెలో ఉంటుంది. దాన్ని వేడిచేసేది వేడిగాలితో పనిచేసే ఓవెన్. కేకుకు పైన రంగు తెచ్చేదీ, తందూరీ కోడిని కాల్చేదీ అలాంటి వేడిగాలే. మైక్రోవేవ్ నీటిని వేడి చేస్తుంది, పైపొరను కాల్చలేదు. నెలకు రెండుసార్లయినా బేకింగ్ చేసే ఇంటికి కన్వెక్షన్ కావాలి. కూరలు వేడి చేసుకోవడానికే అయితే మైక్రోవేవ్ మాత్రమే ఉండే సోలో రకమో, గ్రిల్ రకమో చాలు.

విమానాశ్రయం షిఫ్టుల్లో పనిచేసేవారి ఇంట్లో భోజనం అర్ధరాత్రి రెండింటికి వేడవ్వొచ్చు. బీప్ శబ్దం ఆపే సదుపాయం ఉందో లేదో అడగండి, నిద్రపోయే పిల్లలకు అది పెద్ద ఉపకారం.

అమెరికా మోడల్ ఇక్కడ కుదరదు

అమెరికా నుంచి తిరిగొచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకునే మనవాళ్లు అక్కడలాగే పొయ్యి మీద బిగించే మైక్రోవేవ్ కావాలంటారు. అది 30 అంగుళాలు, అంటే 762 మి.మీ. వెడల్పు. మన 600 లెక్కలో పట్టదు. 120 వోల్టులు, 60 హెర్ట్జ్ మీద నడుస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ పెడితే వోల్టేజీ మారుతుంది, హెర్ట్జ్ మారదు. పైగా ఆ మైక్రోవేవ్‌కే ఉండే పొగ ఫ్యాన్ లాగే గాలి గంటకు 500-700 ఘనపు మీటర్లు. మన ఎండుమిర్చి పోపుకు ఇక్కడ అమ్మే చిమ్నీలు 1,000 దాటి లాగుతాయి. పొయ్యి పైభాగం చిమ్నీకే వదిలేయండి.

అద్దె ఇంట్లో ఉండేవారు బిల్ట్-ఇన్ జోలికి వెళ్లొద్దు. దాదాపు అదే సామర్థ్యం ఉన్న టేబుల్ మీద పెట్టే రకం సగం ధరకో, అంతకన్నా తక్కువకో వస్తుంది. దాన్ని మూసిన గూట్లో దూర్చకండి. సాధారణంగా పైన 20 సెం.మీ., పక్కన 10 సెం.మీ. ఖాళీ అడుగుతారు. 52 సెం.మీ. వెడల్పు, 31 సెం.మీ. ఎత్తున్న మిషన్‌కు 72 వెడల్పు, 51 ఎత్తున్న తెరిచిన అర కావాలి.

నెల బిల్లు, రేడియేషన్ భయం

రోజుకు 20 నిమిషాలు నడిచే 1,250 వాట్ల మైక్రోవేవ్ నెలకు పన్నెండున్నర యూనిట్లు తింటుంది. తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి అమలైన ధరల్లో 201-300 యూనిట్ల మధ్య యూనిట్ 7.70 రూపాయలు. ఆ లెక్కన నెలకు 96 రూపాయలు. 301-400 మధ్య యూనిట్ 9 రూపాయలు, అప్పుడు 113. గృహజ్యోతి ఉచిత కరెంటు పథకం కింద 200 యూనిట్ల గీతకు దగ్గర్లో ఉన్న ఇళ్లు ఈ పన్నెండున్నరనూ లెక్కలో వేసుకోవాలి.

మైక్రోవేవ్ గుండెకాయ మాగ్నెట్రాన్. రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ల కోసం వాడిన గొట్టం అది. 1945లో రేథియాన్ ఇంజినీరు పెర్సీ స్పెన్సర్ దాంతో వంట చేయొచ్చని గుర్తించారు. 1947లో వచ్చిన తొలి ఓవెన్ బరువు దాదాపు 340 కిలోలు. ఇప్పటి ఓవెన్‌కు 5 సెం.మీ. దూరంలో చదరపు సెంటీమీటరుకు 5 మిల్లీవాట్లకు మించి లీకు ఉండకూడదని నియమం. తలుపు తెరవగానే తరంగాలు ఆగిపోతాయి. భయపడాల్సింది వంగిన తలుపుకు, అరిగిన కీలుకు. మన దేశంలో మైక్రోవేవ్‌లకు బీఐఎస్ నమోదు తప్పనిసరి, కాబట్టి 'ఆర్' అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య లేని మిషన్ కొనొద్దు.

బిల్లు దాచుకుని ఈ పరీక్ష చేయండి

క్రమం ఇదీ. ఇంటి వైరింగు దశలోనే 16 ఆంపియర్ల పాయింటు. చెక్కపని మొదలయ్యే ముందు రెండు మూడు కంపెనీల ఇన్‌స్టలేషన్ డ్రాయింగులు తెప్పించుకుని, అన్నింటికీ సరిపడే ఒకే గూడు కొలత. గూడు తయారయ్యాక టేపుతో మూడుచోట్ల కొలవడం: పైన, నడుమ, కింద. ఆ తర్వాతే డబ్బు కట్టడం.

మిషన్ బిగించిన రోజే ఒక పరీక్ష చేయండి. వెడల్పాటి గాజు గిన్నెలో సరిగ్గా లీటరు చల్లని నీళ్లు పోసి, డిజిటల్ థర్మామీటరుతో వేడి చూడండి. పూర్తి శక్తి మీద 60 సెకన్లు నడిపి, కలిపి, మళ్లీ చూడండి. పెరిగిన డిగ్రీలను 70తో గుణిస్తే వాట్లు వస్తాయి. 11 డిగ్రీలు పెరిగితే 770 వాట్లు. 800 వాట్ల మిషన్‌కు అది మంచి ఫలితం, ఎందుకంటే గిన్నె కూడా కొంత వేడి తీసుకుంటుంది. వోల్టేజీ సరిగ్గా ఉన్న వేళ రెండుసార్లు చేసినా 9 డిగ్రీలు దాటకపోతే, అదే రోజు కంపెనీకి ఫిర్యాదు పెట్టండి. ప్రయోగశాలల్లో వాడే అంతర్జాతీయ ప్రమాణ పరీక్ష కూడా ఈ సూత్రం మీదే ఉంది: అక్కడ కిలో నీటిని 10 డిగ్రీల నుంచి 20 డిగ్రీలకు తెస్తారు. ఈ ఫలితాన్ని తేదీ వేసి బిల్లు వెనక రాసుకుని, ఏడాదికోసారి మళ్లీ కొలవండి. వారంటీ ముగిసే నెలలో ఆ అంకె బాగా పడిపోయి కనిపిస్తే రిపేరు ఖర్చు కంపెనీది. నెల ఆలస్యమైతే అది మీది.